మేత, మాలిమి, సాక్ష్యం: పెరటి పక్షుల పరిచయ చరిత్ర

ఉపోద్ఘాతం

జంతువుకు, మనిషికి ఏర్పడే చనువును చెప్పడానికి తెలుగులో మూడు మాటలున్నాయి. ఏనుగును మచ్చిక చేసుకున్నారంటాం. పసిబిడ్డ మేనత్తకు మాలిమి అయిందంటాం. పిల్లి పాలరుచి మరిగిందంటాం. మొదటిదానిలో పని మనిషిది. గొలుసు, అంకుశం, ఆకలి అక్కడ సాధనాలు. రెండోదానిలో ఎవరూ ఎవరినీ లోబరచుకోలేదు. రోజూ చూస్తున్న ముఖం పట్ల బెరుకు పోయి చేరిక కలిగింది. మూడోదానిలో ముఖంతో పనే లేదు. పాలు ఎవరు పెట్టినా, ఎవరూ పెట్టకపోయినా పిల్లి వస్తుంది.

పెరట్లో గింజలు చల్లే మనిషికి రెండడుగుల దూరంలో అడవిపక్షి నిర్భయంగా వాలడాన్ని ఈ మూడింటిలో దేనితో చెప్పాలి? పంజరం లేదు కనుక మచ్చిక చేసుకోవడం కాదు. మిగిలిన రెండింటి మధ్య నిర్ణయం అంత సులభం కాదు. పక్షి మేత మరిగిందా, మనిషికి మాలిమి అయిందా? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న చుట్టూ ఇంగ్లండులో సుమారు నూటముప్పై ఏళ్ల చరిత్ర అల్లుకొని ఉంది. ఇంటి ముంగిట కలిగిన అనుభవం శాస్త్రానికి సాక్ష్యంగా నిలుస్తుందా అన్న వివాదం ఆ చరిత్రలో కీలకమైన ఘట్టం. ఆ చరిత్రను పరిశీలించి, దాని వెలుగులో తెలుగువారి ఇళ్లలోని పక్షిమేత ఆచారానికి సంబంధించిన ఆధారాలను ఎలా సేకరించాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర్మంగా పెట్టిన మేత

పక్షులకు మేత పెట్టడం మనకు కొత్త కాదు. గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. వండిన అన్నంలో కొంత భాగాన్ని కాకులకు, కుక్కలకు, క్రిమికీటకాలకు నేలమీద మెల్లగా ఉంచాలని మనుస్మృతి మూడో అధ్యాయం విధిస్తుంది. శ్రాద్ధ దినాన పిండాన్ని కాకి ముట్టేదాకా ఎదురుచూడడం నేటికీ ఉన్న ఆచారం. కోతలయ్యాక వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకో, వసారా దూలానికో, గుడి మండపానికో పిచ్చుకల కోసం వేలాడదీయడం కోస్తా జిల్లాలలో బాగా తెలిసిన అలవాటు. పెంకుటింటి వాసాల సందుల్లో, గోడకు తగిలించిన పటాల వెనుక పిచ్చుక గూళ్లు కట్టుకుంటే, గుడ్లు పొదిగి పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పటాన్ని కదిలించని ఇళ్లుండేవి. అల్పప్రాణిపై మితిమీరిన బలప్రయోగాన్ని చెప్పే సామెతలో బ్రహ్మాస్త్రానికి ఎదురుగా నిలిచింది కూడా పిచ్చుకే.

ఈ ఆచారాలన్నిటిలో గమనించదగిన సామాన్య లక్షణం ఒకటుంది. మేత కాకి అనే జాతికి, పిచ్చుక అనే జాతికి. ఒకానొక కాకికో, ఒకానొక పిచ్చుకకో కాదు. పిండాన్ని ముట్టిన కాకి నిన్న గోడమీద వాలిన కాకేనా అన్న విచారణ అక్కడ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆ కాకి పితృదేవతలకు ప్రతినిధి. ప్రతినిధికి సొంత ముఖం అక్కరలేదు. పిచ్చుకకూ అంతే. కుచ్చు ఎవరు కట్టారన్నది దానికి, ఏ పిచ్చుక తిన్నదన్నది మనకు పట్టింపు కాలేదు. పిచ్చుకకు పరిచయం ఏర్పడింది ఇంటితో. ఆ ఇంట్లోని ఒక మనిషితో అని చెప్పే ఆధారం ఈ ఆచారంలో లేదు. ఇది లోపమని చెప్పడం లేదు. ధర్మంగా పెట్టే మేత ప్రతిఫలాన్ని గాని, గుర్తింపును గాని కోరదు. అయితే గుర్తింపు కోరని చోట పరిశీలన కూడా లిఖితరూపం దాల్చదు. మన ఆచారం ఇంత ప్రాచీనమైనా, అది పక్షుల గురించి ఏమి నేర్పిందో చెప్పే రాతలు అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

చలికాలపు దయ

ఇంగ్లండులో పెరటి పక్షుల మేతకు ఇంత పాత విధి లేదు. పందొమ్మిదో శతాబ్దం మొదట అక్కడి సామాన్యునికి చిన్న పక్షులు పంజరంలోని పాటగానో, పంటకు చేటుగానో, కూరగానో పరిచయం. అప్పటికే ష్రాప్‌షైర్‌లో జాన్ ఫ్రీమన్ మిల్వర్డ్ డోవాస్టన్ అనే రచయిత ఇంటి కిటికీ దగ్గర పక్షులకు మేత తొట్టె అమర్చి, దానికి గ్రీకు పదాలతో ‘ఆర్నిథోట్రోఫ్’ అని పేరు కూడా కల్పించాడు. ఇది 1820ల నాటి మాట. కొయ్యచెక్కుడు బొమ్మలతో పక్షుల గ్రంథాన్ని వెలువరించిన థామస్ బ్యూయిక్‌కు ఆయన మిత్రుడు. అయితే ఇది ఒక వ్యక్తి కుతూహలంగానే ఉండిపోయింది.

ఆచారంగా మారడానికి కారణం చలి. 1890-91 శీతకాలం ఇంగ్లండులో అతి కఠినంగా గడిచింది. నేల గడ్డకట్టి పురుగు దొరకక పక్షులు చనిపోతుంటే, మిగిలిన రొట్టెముక్కలు బయట వేయండని పత్రికలు పాఠకులను కోరాయి. దానికి కొద్దికాలం ముందే, 1889లో, టోపీల అలంకరణకు పక్షి ఈకలు వాడడాన్ని వ్యతిరేకిస్తూ కొందరు స్త్రీలు స్థాపించిన సంఘం తరువాత రాజశాసనం పొంది ఆ దేశపు ప్రధాన పక్షిరక్షణ సంస్థ అయింది. 1910 నాటికి పక్షులకు మేత పెట్టడం జాతీయ వినోదమైపోయిందని ‘పంచ్’ వారపత్రిక రాసింది. ఇరవై ఏళ్లలో కరుణ కాలక్షేపంగా మారిందన్నమాట.

ఈ మార్పులో ముందుగా మనిషికి చేరువైన పక్షి రాబిన్. దీనికి ఆ పక్షి జీవనవిధానంలోనే కారణం ఉంది. అడవిలో పంది నేలను పెళ్లగిస్తే బయటపడే పురుగుల కోసం రాబిన్ దాని వెంట తిరుగుతుంది. తోటలో పార పట్టిన మనిషి ఆ పంది స్థానంలోకి వచ్చాడు. ఇక్కడిదాకా ఇది మేత మరగడమే. కాని అదే రాబిన్, చిన్న పక్షులను వేటాడే అలవాటు బలంగా ఉన్న ఐరోపా ప్రధానభూభాగంలో మనిషికి దూరంగా, గుబుర్లలో మసలే పక్షి. ఒకే జాతి ఒకచోట బెరుకుగా, మరొకచోట చొరవగా ఉన్నదంటే ఆ బెరుకు పక్షి స్వభావం మాత్రమే కాదు. ఆ నేలమీద మనుషులు దానితో మెలగిన తీరుకు అది నమోదు కూడా.

తెల్ల ఈక, కాలి కడియం

పక్షి తనను గుర్తుపట్టిందని మనిషి చెప్పాలంటే, ముందు తాను ఆ పక్షిని గుర్తుపట్టగలగాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి అర్ధభాగంలో ఈ సమస్యకు రెండు పరిష్కారాలు కనిపిస్తాయి.

మొదటిది ఎడ్వర్డ్ గ్రే మార్గం. 1905 నుండి 1916 దాకా బ్రిటన్ విదేశాంగ మంత్రిగా పనిచేసిన ఈయన, పదవి వదిలాక చూపు మందగిస్తున్న దశలో ఫాలొడన్‌లోని తన ఎస్టేటులో పక్షులతో కాలం గడిపాడు. 1927లో వచ్చిన ఆయన గ్రంథం ‘ద చార్మ్ ఆఫ్ బర్డ్స్’లో రాబిన్‌లను చేతిమీదికి రప్పించిన పద్ధతి ఉంది. చిన్న రేకుడబ్బాలో పిండిపురుగులు పెట్టి, మొదట నేలమీద, తరువాత చాచిన చేతిలో ఉంచి, కదలకుండా వేచి ఉండడమే ఆ పద్ధతి. రెక్కలో ఒక తెల్ల ఈక ఉన్న రాబిన్‌ను ఆయన ఆ ఈక ఆధారంగా గుర్తుపట్టి అనుసరించాడు. ప్రకృతి ఇచ్చిన గుర్తు అది; అందరు రాబిన్‌లకూ ఉండదు.

రెండోది కడియం మార్గం. ఉత్తర ఐర్లండులోని ఎన్నిస్కిల్లెన్‌లో కౌంటీ సర్వేయరుగా పనిచేసిన జె. పి. బర్కిట్ 1920లలో తన తోటలోని రాబిన్‌లను పట్టి, కాళ్లకు గుర్తు కడియాలు తొడిగి, ఏది ఏదో తెలుసుకుంటూ వాటి హద్దులను, జంటలను నమోదు చేశాడు. డార్టింగ్టన్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉన్న డేవిడ్ లాక్ ఆ పద్ధతిని రంగు కడియాలతో విస్తరించి 1943లో ‘ద లైఫ్ ఆఫ్ ద రాబిన్’ ప్రచురించాడు. ఆ పరిశోధన తోటయజమానుల నమ్మకాలను కదిలించింది. రాబిన్ గానం చాలావరకు తన హద్దులోకి రావద్దన్న హెచ్చరిక. పెద్ద రాబిన్‌లలో ఏటా సగానికి పైగా చనిపోతాయి. అంటే పదేళ్లుగా మా తోటకు వస్తున్న రాబిన్ అని ఒక కుటుంబం ముచ్చటగా చెప్పుకొనేది చాలా సందర్భాలలో ఒక పక్షి కాదు. ఒకదాని తరువాత ఒకటిగా ఆ హద్దును ఆక్రమించిన అనేక పక్షులు. మాలిమి అనుకున్నదానిలో కొంత కేవలం వారసత్వమని కడియం రుజువు చేసింది.

ఈ ఫలితాన్ని తేలికగా తీసుకోరాదు. మనిషి ఆప్యాయత మనిషి కంటిని మోసగించగలదు. ఇంటి అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకొనేవారు ముందుగా దాటవలసిన గడప ఇదే.

గడపల నుండి వచ్చిన సాక్ష్యం

అయితే ఇంటి అనుభవం ఎప్పుడూ మోసమేనా? పాలసీసాల ఉదంతం దీనికి సమాధానమిస్తుంది. ఇంగ్లండులో తెల్లవారుజామున గడప ముందు ఉంచిన పాలసీసాల మూతలను టిట్ జాతి పక్షులు ముక్కుతో చీల్చి మీగడ తినడం 1921లో సౌతాంప్టన్ దగ్గరి స్వేత్లింగ్‌లో మొదటిసారి నమోదైంది. తరువాతి పాతికేళ్లలో ఈ అలవాటు దేశమంతటా కనిపించింది. జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ అనే ఇద్దరు పరిశోధకులు సామాన్య గృహస్థుల నుండి, పక్షి పరిశీలకుల నుండి సమాచారాన్ని ప్రశ్నావళుల ద్వారా సేకరించి, తేదీలవారీగా, ఊళ్లవారీగా పటాలపై గుర్తించి 1949లో ‘బ్రిటిష్ బర్డ్స్’ పత్రికలో ప్రచురించారు.

టిట్‌లు పుట్టినచోటికి దూరంగా పోయే పక్షులు కావు. కనుక దూరదూరపు ఊళ్లలో అలవాటు కనిపించిందంటే, కొన్నిచోట్ల పక్షులు స్వయంగా కనుగొన్నాయని, ఆ చుట్టుపక్కల మిగిలినవి వాటి వల్ల నేర్చుకున్నాయని వారు భావించారు. ఎలా నేర్చుకున్నాయన్నదానిపై తరువాత చర్చ జరిగింది. మరో పక్షిని చూసి అనుకరించనవసరం లేదని, తెరిచి ఉన్న సీసా ఎదురుపడడమే నేర్పడానికి చాలవచ్చని డేవిడ్ షెరీ, బెన్నెట్ గేలెఫ్ 1984లో ప్రయోగపూర్వకంగా చూపారు. మన ప్రస్తుత విషయానికి ముఖ్యమైనది వేరు. గడపలో పాలసీసా తీసుకోవడానికి తలుపు తెరిచిన వారి మాట విజ్ఞానశాస్త్ర పత్రికలో ఆధారమైంది. దానికి ఆ విలువ వచ్చింది చెప్పినవారి హోదా వల్ల కాదు. చోటు, తేదీ, పక్షి జాతి అన్న మూడు వివరాలు కలవడం వల్ల, ఒకరి మాటను మరికొందరి మాటలతో సరిచూడగలగడం వల్ల.

కిటికీలు తెరిచిన ఇల్లు

ఇక ఒంటరి సాక్షి సంగతి. గ్వెండొలెన్ హోవర్డ్ (1894-1973) లండన్ వాద్యబృందంలో తీగవాద్య కళాకారిణి. 1938లో సస్సెక్స్‌లోని డిచ్లింగ్ దగ్గర స్థలం కొని, ‘బర్డ్ కాటేజ్’ అనే ఇల్లు కట్టుకొని, శేషజీవితమంతా పక్షుల మధ్య ఒంటరిగా గడిపింది. కిటికీలు తెరిచే ఉంచేది. గ్రేట్ టిట్‌లు లోపలికి వచ్చి తినేవి, గదుల్లో నిద్రించేవి. ఈ పక్షికి దగ్గరి చుట్టం మన తూర్పు కనుమల్లోనూ ఉంది. కొత్తవారిని చూస్తే పక్షులు బెదురుతాయని ఆమె అతిథులను రానిచ్చేది కాదు. లెన్ హోవర్డ్ పేరుతో ఆమె రాసిన ‘బర్డ్స్ యాజ్ ఇండివిడ్యువల్స్’ 1952లో జూలియన్ హక్స్‌లీ ముందుమాటతో వెలువడింది. 1956లో ‘లివింగ్ విత్ బర్డ్స్’ వచ్చింది.

ఆమె వాదన సూటిగా ఉంటుంది. భయం పక్షి బుద్ధిని కప్పేస్తుంది. బోనులో, ప్రయోగశాలలో, పట్టి కడియం తొడిగిన చేతిలో మనం చూసేది భయపడిన పక్షిని. నమ్మకం కుదిరాకే దాని అసలు నడవడి వెల్లడవుతుంది. ఆమె కడియాలు వాడలేదు. ముఖకవళికలు, నడక, భంగిమ ఆధారంగా ఒక్కొక్క పక్షిని గుర్తించి పేరు పెట్టింది. సంగీతజ్ఞురాలి చెవితో వాటి పాటలను వేరుపరచింది. స్టార్ అనే ఆడ గ్రేట్ టిట్ తాను చెప్పిన సంఖ్యకు సరిపడా ముక్కుతో తట్టేదని రాసింది. పాఠకలోకం ఆమెను ఆదరించింది. శాస్త్రలోకంలో ఆమెకు స్థానం దక్కలేదు. ఆమెకు శిక్షణ లేదు, ఆమె పరిశీలనలను మరొకరు సరిచూసే వీలు లేదు. అతిథులు వస్తే పక్షులు బెదురుతాయి కనుక రెండో సాక్షి అసాధ్యం. ఆమె పద్ధతి బలమూ, బలహీనతా ఒకే కిటికీ నుండి లోపలికి వచ్చాయి.

ఆమె అభ్యంతరాన్ని మాత్రం అంత సులభంగా తోసిపుచ్చలేం. లాక్ కడియం పక్షి ఆయుర్దాయాన్ని కొలిచింది, హద్దును కొలిచింది. మనిషి పట్ల దాని నమ్మకాన్ని కొలవలేకపోయింది, ఎందుకంటే కొలిచే తొలి చర్యే ఆ నమ్మకాన్ని చెరుపుతుంది. ఇంటి పరిశీలన, శాస్త్ర పరిశీలన ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ లేకపోలేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మార్గరెట్ మోర్స్ నైస్ 1928 నుండి ఇంటి చుట్టూ ఉన్న సాంగ్ స్పారోలకు కడియాలు తొడిగి, పిల్లల తల్లిగా ఇల్లు నడుపుకుంటూనే, 1937లో, 1943లో ప్రామాణిక గ్రంథాలు వెలువరించింది. ఆమెకు ఆచార్య పదవి లేదు. పద్ధతి ఉంది. హోవర్డ్‌కు కొరవడింది అదే. అయితే పద్ధతి ఉన్నవారు అడగని ప్రశ్నను అడిగింది మాత్రం హోవర్డే.

శత్రుత్వం ద్వారా రుజువు

పక్షి మనిషిని మనిషిగా గుర్తుపడుతుందా అన్నదానికి నియంత్రిత ప్రయోగాల నుండి సమాధానం ఇరవయ్యొకటో శతాబ్దంలో వచ్చింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒకే వ్యక్తి వరుసగా నాలుగు రోజులు మాకింగ్‌బర్డ్ గూటిని సమీపించి చేత్తో తాకాడు. రోజురోజుకూ పక్షి ఆ వ్యక్తిని మరింత దూరం నుండే ఎదుర్కొంది. అయిదో రోజు వేరొకరు వెళితే మొదటిరోజు లాగే ప్రవర్తించింది. ఈ ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి. సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో గుహమానవుడి ముఖాన్ని పోలిన తొడుగు ధరించి కాకులను పట్టి వదిలింది. ఆ తొడుగు ఎవరు వేసుకొని కనబడినా కాకులు ఏళ్ల తరబడి చుట్టుముట్టి అరిచాయి. మామూలు ముఖాలను పట్టించుకోలేదు.

పక్షికి మనుషులందరూ ఒకటి కాదన్న హోవర్డ్ మాట ఆ విధంగా వేరే జాతుల విషయంలో రుజువైంది. దాని రీతిని గమనించాలి. ఈ రెండు ప్రయోగాలలోనూ పరీక్షించినది భయాన్ని, పగను. మేత పెట్టే చేతిని కాక, గూటిని తాకిన చేతిని పక్షి గుర్తుంచుకుందని తేలింది. దానికి కారణముంది. శత్రుత్వం నాలుగు రోజుల్లో ఏర్పడుతుంది, అరుపుల రూపంలో లెక్కకు అందుతుంది. నమ్మకానికి నెలలు పడుతుంది, మౌనంగా ఉంటుంది. శత్రువును గుర్తుపట్టగలిగిన పక్షి అన్నదాతను కూడా గుర్తుపట్టగలదని ఊహించడం సమంజసమే. కాని ఆ సామర్థ్యం ఉందనడం వేరు, ఒకానొక పెరట్లో వాలిన పక్షి దాన్ని వాడిందనడం వేరు. అందుచేత ప్రారంభంలో అడిగిన ప్రశ్నకు సమాధానం ఇలా చెప్పుకోవచ్చు: పక్షి రావడం మేత మరగడంతో మొదలవుతుంది, కొన్ని పక్షులలో అది మాలిమి దాకా సాగగలదు, ఏది ఎక్కడిదాకా సాగిందో ఆ పక్షిని, ఆ మనిషిని విడివిడిగా గుర్తించి నమోదు చేస్తే తప్ప తెలియదు.

మేతకు మూల్యం కూడా ఉంది. ఒకేచోట గుంపులుగా తినడం వల్ల రోగాలు వ్యాపిస్తాయి. బ్రిటన్‌లో 2005 నుండి ట్రైకొమొనోసిస్ అనే వ్యాధి సోకి గ్రీన్‌ఫించ్‌ల సంఖ్య బాగా పడిపోయింది. పెరటి మేతపళ్లేలు ఆ వ్యాప్తికి తోడ్పడ్డాయని పరిశోధకులు భావిస్తున్నారు. పళ్లేన్ని కడగడం, నీరు మార్చడం కూడా ఇప్పుడు మేత పెట్టేవారి ధర్మంలో చేరాయి.

ముగింపు: మన వైపు ఆధారాలు

హైదరాబాదు సంస్థానంలో 1931-32లో సాలిం అలీ జరిపిన పక్షుల సర్వే తెలుగునేలకు సంబంధించిన ముఖ్యమైన పత్రం. ఆ కాలపు పద్ధతి ప్రకారం దాని ఆధారం తుపాకితో సేకరించిన నమూనాలు. ఏ జాతి ఎక్కడ ఉందో ఆ సర్వే చెబుతుంది. మనిషితో అది ఎలా మెలగిందన్నది ఆ పద్ధతికి అందే విషయం కాదు. అదే కాలంలో వసారాలో కుచ్చు కట్టిన ఇల్లాలికి, పిండం దగ్గర కాకి కోసం ఎదురుచూసిన గృహస్థుకు ఆ రెండో విషయం కొంత తెలిసి ఉండాలి. వారిని అడిగినవారు లేరు.

పెంకుటిళ్లు తగ్గాయి, కళ్లాలు దూరమయ్యాయి, చూరు లేని ఇళ్లలో పిచ్చుకకు చోటు కరవైంది. కుచ్చులు చూసి పెరిగిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంది. జానపద విజ్ఞాన పరిశోధకులు వారి జ్ఞాపకాలను సేకరించేటప్పుడు ఆచారం పేరుతో ఆగిపోకూడదు. ఏ ఊరు, ఏ సంవత్సరాలు, కుచ్చు ఎక్కడ కట్టేవారు, ఎవరు కట్టేవారు, ఎప్పుడు మానేశారు, పక్షులు ఎంత దగ్గరకు వచ్చేవి, కొత్తవారు వస్తే ఏం చేసేవి, ఏదైనా పక్షిని ఈకనో, కుంటికాలినో బట్టి విడిగా గుర్తుపట్టారా అని అడగాలి. చెప్పినదాన్ని పొరుగింటివారి మాటతో సరిచూడాలి. పాలసీసాల ఉదంతం నేర్పిన పద్ధతి ఇదే. అలాగే, సరిచూడడానికి రెండో సాక్షి దొరకని మాటను పారవేయకుండా, ఒంటరి సాక్ష్యమని గుర్తు పెట్టి భద్రపరచాలి. హోవర్డ్ విషయంలో జరిగిన పొరపాటు నుండి నేర్చుకోవలసింది అది.

మన పూర్వులు పక్షికి పేరు పెట్టలేదు. పెట్టినట్టు మనకు తెలియదు అనడం మరింత సరైన మాట. ఏదో ఒక పెరట్లో, అన్నం కుండ దించిన వేళకు వచ్చి వాలే ఒంటికాలి కాకికి ఒక ముసలమ్మ పేరు పెట్టి పిలిచి ఉంటే, ఆ పేరు ఇంకా ఎవరో ఒకరి జ్ఞాపకంలో ఉండాలి. అది పోకముందే రాసుకోవడం మన పని.